పటంలో బిళ్ల

ఉదయగిరి, 1879. కొండ కింద ఒక పూరింటి వసారా. ఒకప్పుడు ఈ ఇంట్లోనే ఇల్లరికం ఉన్న కొండయ్య ఇప్పుడు ఆత్మకూరులో చెరువుల దొర దగ్గర బంట్రోతు. ఏడాది తరువాత అత్తగారింటికి వచ్చాడు. సముద్రపు ఒడ్డున దొరలు గోల్ఫ్ ఆడుతుండగా తీసిన పటాలు తెచ్చాడు. భార్య వెంగమ్మ వాటిని చూస్తున్నది.

“తలకిందులుగా పట్టుకున్నావు మే. కాళ్లు పైకుండాయి చూడు.”

“నువ్వు చేతికిచ్చిందే అట్ట ఇస్తివి గదా మామా. ఇప్పుడు?”

“ఇప్పుడు సరిపోయింది. ఇది ఇసక. ఇది ఆకాశం.”

“రెండూ బెల్లం రంగే ఉండాయి. సముద్రం కూడా బెల్లం రంగేనా?”

“సముద్రం నీలంగా ఉండాది. పటానికి రంగులు రావు.”

“ఇందులో సముద్రం యాడ?”

“ఇదిగో, ఈ గీత పైన.”

“ఇదా? మరి అవతలి గట్టు ఏది?”

“అవతలి గట్టు లేదు.”

“గట్టు లేకుండా నీళ్లు ఎట్ట నిలస్తాయి?”

“నిలస్తానే ఉండాయి. నేను చూసి వచ్చినా గదా.”

“మీ దొర చెరువుల దొర గదా. దీనికి కట్ట ఎయ్యలేదేందని ఎవురినీ అడగలా?”

“ఆయన పనికి పోలే మే. ఆటకి పొయినాడు. కరువులో చెరువులు తవ్వించి తవ్వించి అలిసిపోయినాడు. సెలవు పెట్టి ఆటకి పొయినాడు.”

“ఆటకా? మీసాలున్న మనిషి ఆటకా?”

“ముగ్గురు మీసాలోళ్లు. మా దొర, ఉప్పు కొఠారు దొర, పటాల దొర. ఒక దొరసాని. అల్లూరు దాటినాక బండి పోదు, అంతా ఇసక. సామాన్లు నెత్తిన పెట్టుకొని నడవాల్సిందే. ఆడ ఊరు లేదు, బాయి లేదు, కోడి కూత లేదు. మస్తానయ్య రోజూ ఏడిచేవాడు.”

“మస్తానయ్య ఎవురు?”

“దొర బుట్లేరు. వంట చేసేవాడు. నీళ్లు కూడా మోసుకొచ్చి వండాల గదా. ‘ఇంత దూరమొచ్చి ఇసక తింటా ఉండారు, దీన్ని సెలవంటారా’ అని ఏడిచేవాడు.”

“అదట్టుండనీ. నీ బిళ్ల ఏది?”

“ఏ బిళ్ల?”

“ఏ బిళ్లంటావేంది? బంట్రోతు బిళ్ల. రొమ్ము మీద అడ్డపట్టాకు ఉండే ఇత్తడి బిళ్ల. అమ్మ ఏం కబురు పంపించింది నీకు? అల్లుడు బిళ్లతో వచ్చి నా ముందర నిలబడితేనే బిడ్డను ఆత్మకూరు పంపిస్తా, లేకుంటే లేదు అనింది గదా.”

“మీ అమ్మ యాడ ఇప్పుడు?”

“బాయికి పొయింది. వస్తాది. బిళ్ల ఏది?”

“ఇంకో పటం చూడు ముందు. ఇది చూస్తే ఇడిచిపెట్టవు.”

“అయ్యయ్యో! ఈ దొరకి చేతుల్లేవే!”

“ఉండాయి.”

“లేవు మామా! భుజం దాకా ఉండాది, ఆ పైన పొగ. పాపం, చేతుల్లేనోడు చెరువులు ఎట్ట తవ్వించినాడు?”

“ఉండాయంటే! ఆయన ఊపినాడు. పటం తీసేటప్పుడు కదిలింది పటంలో పడదు. ఆ పటాల దొర నల్లగుడ్డ గుడారంలోకి దూరి, గాజుపలకకి మందు నీళ్లు పూసి తెచ్చి, పెట్టెలో పెడతాడు. మూత తీస్తాడు. మళ్లీ మూత పెట్టిందాకా ఎవురూ ఊపిరి తియ్యగూడదు. మా దొరకి నిలకడ లేదు. చేతికి కర్ర వస్తే ఊపాల్సిందే.”

“ఈ కుక్కకి రెండు తలకాయలు.”

“అది ఇటు చూసి అటు చూసింది.”

“ఈ దొరసానికి మొగం లేదు.”

“ఆమె నవ్వింది.”

“మరి నువ్వేంది ఇంత చక్కంగా పడినావు? కంటి రెప్పలు కూడా కనపడతా ఉండాయి.”

“నేను కదల్లా. బిగబట్టి నిలబడినా. ‘వీడొక్కడే మనిషి, మిగతా వాళ్లంతా కోతులు’ అన్నాడంట పటాల దొర. మస్తానయ్య చెప్పినాడు. అందుకే చెడిపోయిన పటాలన్నీ నాకిచ్చినాడు. వాళ్లకి చేతులు లేకుండా, మొగాలు లేకుండా పడినవి వాళ్లకెందుకు? అన్నింట్లో నేను మాత్రం ఉండా.”

“పటం తీస్తే ఆయుస్సు తగ్గుతాదంట గదా. రోశమ్మవ్వ చెప్పింది.”

“ఇన్నిసార్లు తీసినారు, నాకేం కాలా.”

“కాలా? అద్దంలో చూసుకున్నావా? బక్కచిక్కి పొయినావు. బుగ్గలు లోపలికి పొయినాయి.”

“అది పటం వల్ల కాదు. నడిచొచ్చినా గదా, అందుకు.”

“నడిచొచ్చినావా? ఆత్మకూరు నించా?”

“సముద్రం నించి.”

“సముద్రం నించి ఉదయగిరికి నడిచొచ్చినావా? దొర బళ్లు ఏమైనాయి?”

“కావలి మీదగా, కలిగిరి, వింజమూరు... దోవ బాగుండాది. చల్లగా ఉండాది. నడవాలనిపించింది.”

“నడవాలనిపించి ఇన్ని ఆమడలు నడిచినావా?”

“వింజమూరులో కొన్నాళ్లు ఆగినాలే.”

“ఎందుకు?”

“ఊరికినే. ఈ పటం చూడు, ఇందులో నా రొమ్ము మీద ఏముండాదో చెప్పు.”

“బిళ్ల! అమ్మా, ఎంత మెరస్తా ఉండాదో!”

“చూసినావా! ఉండాది గదా బిళ్ల. మీ అమ్మకి ఇది చూపిస్తే సరిపోలా?”

“పటంలో బిళ్ల చూపించేదా?”

“బిళ్లే గదా. దాని మీద అక్షరాలు కూడా కనపడతాయి, సరిగ్గా చూస్తే.”

“అమ్మకి చూపు ఆనదు. తడిమి చూస్తాది. పటాన్ని తడిమితే కాగితం తగులుతాది.”

“తడమాల్సిన పనేముండాది? నువ్వు చూసినావు, నువ్వు చెప్పు.”

“మామా, పటంలో రొమ్ము మీద ఉండే బిళ్ల ఇప్పుడు రొమ్ము మీద ఎందుకు లేదు?”

“ఇది ఏందో అడగలా నువ్వు. ఈ కర్ర. ఇన్ని కర్రలు మోస్తా ఉండానే, ఎందుకని అడగలా.”

“ఎందుకు?”

“అదే ఆట! దొర దాన్ని ‘గోపు’ అంటాడు. నిమ్మకాయంత తెల్ల గుండు. దాన్ని నేల మీద పెట్టి కర్రతో కొడతారు. అది పోయి ఇసకలో పడతాది. అందరూ దాని ఎనకాల నడిచిపోతారు. మళ్లీ కొడతారు. మళ్లీ నడుస్తారు. అట్ట కొట్టి కొట్టి, జెండా ఉన్న కాడ గుంట ఉంటాది, అందులో ఎయ్యాల.”

“ఏసినాక?”

“తీస్తారు.”

“తీసి?”

“ఇంకో గుంటలో ఏస్తారు.”

“ఏసి?”

“తీస్తారు.”

“ఇది ఆటనా, శిక్షనా?”

“నాకు కూడా మొదట అట్టనే ఉండింది.”

“ఎవురు గెలిచినట్టు?”

“తక్కువ దెబ్బలు కొట్టినోడు.”

“తక్కువ పని చేసినోడు గెలిచినట్టా? అట్టయితే మా నాయన రోజూ గెలుస్తాడు.”

“మీ నాయన్ని అనబాక మే. ఆయన చెక్కే గరిటెలే గుర్తొచ్చినాయి నాకు ఆ కర్రలు చూసి. ఈ పటంలో చూడు. దీని మూతి ఎట్టుండాది?”

“గరిటె! పెద్ద గరిటె, కాడ పొడుగుది.”

“దాని పేరే గరిటె! నవ్వబాక, నిజం. దొర దాన్ని ‘స్పూను’ అంటాడు. మొదటి రోజు ‘కొండయ్యా, స్పూను!’ అని అరిచినాడు. నేను గుడారం దాకా పరిగెత్తి పోయి మస్తానయ్యని అడిగితే, స్పూను అంటే గరిటె అని చారు గరిటె చేతికిచ్చినాడు. ఇసకలో పరిగెత్తి తెచ్చి దొర చేతిలో పెట్టినా.”

“చారు గరిటా!”

“చారు కారతా ఉండాది.”

“దొర ఏమన్నాడు?”

“గరిటెను చూసినాడు, నన్ను చూసినాడు. ఉప్పు దొర ఇసకలో పడి దొర్లినాడు నవ్వలేక. మా దొర ఆ గరిటెతోనే ఒక దెబ్బ కొట్టినాడు. బాగానే పొయింది గుండు.”

“అమ్మా... ఉండు, నవ్వి నవ్వి పొట్ట నొప్పిగా ఉండాది... ఇంకా చెప్పు.”

“గుంటలు తవ్వితే ఇసక కూలిపోతా ఉండాది. అందుకని మూతి పగలగొట్టిన కుండలు తెచ్చి పాతినా. మస్తానయ్య ఎర్ర తుండుగుడ్డ చించి జెండాలు కట్టినా. వాడు దానికి కూడా ఏడిచినాడు. ఒకరోజు ఉప్పు దొర గుండు పోయి పీత బొక్కలో పడింది. గుంటలో పడినట్టే అని ఆయన, పీత తవ్వింది గుంట కాదు అని మా దొర. పొద్దు గుంకిందాకా వాదించుకున్నారు. ఈలోపల పీత గుండును లోపలికి లాక్కుపొయింది.”

“పీతే గెలిచింది.”

“పీతే గెలిచింది! ఒక్క దెబ్బ కూడా కొట్టలా అది.”

“మామా, ఎంత బాగుండావు ఇందులో. పక్కన దొరకి చేతుల్లేవు, దొరసానికి మొగం లేదు, కుక్కకి తలకాయలు ఎక్కువ. నువ్వొక్కడివే దొరబాబు లాగా ఉండావు. నన్ను కూడా ఒకసారి తీసుకుపోతావా ఆడికి?”

“ఎందుకు తీసుకుపోను? ఆత్మకూరు వచ్చినాక...”

“ఆత్మకూరు రావాలంటే అమ్మకి బిళ్ల చూపియ్యాల.”

“మళ్లీ బిళ్ల దగ్గరికే వస్తావేంది?”

“నువ్వు ఎంత దూరం తిప్పినా ఆడికే వస్తా. వచ్చినప్పట్నించి మెడ మీది కండువా తీస్తే ఒట్టు. ఉక్కపోస్తా ఉంటే కూడా తియ్యలా. తియ్యి. తియ్యి మామా.”

“మే! లాగబాక!”

“బిళ్ల లేదు. పట్టా కూడా లేదు. ఏం చేసినావు?”

“చింతపండుతో తోమను ఇచ్చినా.”

“ఎవురికి?”

“ఒకడికి.”

“వాడి పేరు?”

“పేరు అడగలా.”

“పని ఇడిచిపెట్టినావా?”

“ఇడిచిపెట్టలా. వాళ్లే...”

“ఇడిచిపెట్టినావు! మళ్లీ ఇడిచిపెట్టినావు! వింజమూరు షావుకారు ‘ఏరా’ అన్నాడని తక్కెడ కింద పడేసి వచ్చినావు. కలిగిరి రెడ్డి ‘చెవుడా’ అన్నాడని నాగలి మడి మధ్యలో నిలబెట్టి వచ్చినావు. మా ఇంట్లో నించి ఎందుకు పొయినావో ఇప్పటికీ తెలీదు. దొర ఏమన్నాడు? చెప్పు, దొర ఏమన్నాడు?”

“నేను చెప్పను.”

“అమ్మ వస్తాది. నాకు చెప్తావా, అమ్మకి చెప్తావా?”

“పోరా అన్నాడు.”

“ఎవురు, దొరా?”

“అందరి ముందర. ఉప్పు దొర ముందర, దొరసాని ముందర, కొఠారు బంట్రోతుల ముందర. ఎప్పుడూ నేను ఆయన పక్కనే ఉంటా, కర్రలు మోస్తా. ఆ రోజు గాలికి జెండా పడిపోతా ఉండాది, నువ్వు ముందర పోయి పట్టుకో అని సైగ చేసినాడు. పోయినా. గుంట పక్కన జెండా పట్టుకొని, సముద్రం దిక్కు చూస్తా నిలబడినా. ఎనక నించి అరిచినాడు చూడు, ‘పోరా!’ అని. సముద్రం హోరులో కూడా గంట కొట్టినట్టు వినపడింది.”

“నువ్వేం చేసినావు?”

“ఏం చెయ్యలా! అదే గదా నా బాధ. నిలబడి ఉండా, అంతే. తిట్టింది చాలదని గుండు కూడా నా మీదికే కొట్టినాడు. తలపాగా ఎగిరి పడింది.”

“అయ్యో! దెబ్బ తగిలిందా? ఏదీ, చూపించు.”

“తలపాగాకి తగిలింది. దెబ్బకి కాదు మే నా బాధ. తిట్టేవాడు ఇంగిలీసులో తిట్టొచ్చు గదా. రోజూ తిడతానే ఉన్నాడేమో, నాకర్థం కాదు, నేను పడతా. తెలుగులో తిడితే ఎట్ట పడేది?”

“అందుకని?”

“తలపాగా తీసుకొని, పట్టా ఇప్పి, బిళ్లతో సహా ఆ జెండా కర్రకి తగిలించి, ఎనక్కి చూడకుండా వచ్చినా.”

“సర్కారు బిళ్ల జెండా కర్రకి తగిలించినావా?”

“పో అన్నాక వాడి బిళ్ల నాకెందుకు?”

“మామా, నీ దొరకి తెలుగు వచ్చా?”

“యాడ వస్తాది? ‘నీళ్లు’, ‘చాలు’, అంతే.”

“మరి ‘పోరా’ ఎవురు నేర్పించినారు?”

“ఎవురికైనా తిట్లే ముందొస్తాయి.”

“పోరా అన్నాడా, పో అన్నాడా? సరిగ్గా చెప్పు. అరిచి చూపించు.”

“పోర్! అన్నాడు. చివర ‘రా’ మింగినాడు. కోపంలో ఉంటే సగం మింగుతారు గదా.”

“అంతకు ముందర నువ్వేం తప్పు చేసినావు?”

“ఏం చెయ్యలా.”

“తప్పు చెయ్యని మనిషిని, చారు గరిటె తెచ్చిస్తే కూడా నవ్విన దొర, జెండా పట్టుకున్నందుకు పోరా అన్నాడా? నాకు నమ్మబుద్ధి కాలా.”

“నువ్వు కూడా దొర పక్కేనా?”

“నేను నా కాపురం పక్క. ఆత్మకూరులో ఇల్లు చూసినా అని కబురు పంపించినావు. నేను పొయ్యి యాడ పెట్టుకోవాలో కూడా అనుకున్నా. ఇప్పుడు అమ్మ వచ్చి నిన్ను తడిమి చూసి... అమ్మకి ఏం చెప్పేది?”

“ఇంట్లో ఎవురమ్మా? ఇది గరిటెల గోవిందయ్య ఇల్లేనా?”

“మే! ఆ గొంతు మస్తానయ్యది!”

“బుట్లేరు మస్తానయ్యా? ఈడికెందుకొచ్చినాడు?”

“నన్ను పట్టకపోను! సర్కారు బిళ్ల పారేసినోడికి జైలంట. నేను లేనని చెప్పు. గాదె ఎనకాల ఉంటా.”

“మామా, గాదె కింద సందుండాది... మామా!”

“ఏమ్మా, పలకవేంది? కొండయ్య వచ్చినాడా ఈడికి?”

“రాలేదన్నా. ఏడాదైంది చూసి.”

“మరి ఈ పటాలు?”

“ఇవి... గాలికొచ్చినాయి.”

“సముద్రపు గాలి ఉదయగిరి దాకా కొడతా ఉండాదే! ఆ గాదె కింద కాళ్లెవురివమ్మా?”

“మా నాయనవి.”

“మీ నాయన వాకిట్లో కూచొని చెక్క చెక్కతా ఉండాడు. నాకు ఇల్లు చూపించింది ఆయనే. రేయ్ కొండయ్యా, బయటికి రారా. జైలూ లేదు, గియిలూ లేదు. నువ్వు సముద్రంలో పడి చచ్చినావేమో అని ఆ ఒడ్డంతా వెతికించినాం. పీత బొక్కలు కూడా వదల్లా.”

“దొర నా మీద కోపంగా లేడా మస్తానయ్యా?”

“కోపమా? నీ పేరు చెప్పుకొని రోజూ ఒక గ్లాసు తాగతా ఉండాడు. ఒళ్లు దులుపుకొని ఇటు రా. నువ్వు జెండా పట్టుకున్న రోజు ఆ గుండు ఏమైందో తెలుసా?”

“నా తలపాగాకి తగిలింది.”

“తగిలి?”

“నేను చూడలా. కోపంగా ఉండా.”

“తగిలి, ఎగిరి, పోయి గుంటలో పడింది! ఒక్క దెబ్బకి! వాళ్ల దేశంలో ముసలోళ్లయిందాకా ఆడినా కూడా అట్ట పడదంట. మా దొర కర్ర పారేసి పరిగెత్తినాడు, ఉప్పు దొర పరిగెత్తినాడు, దొరసాని గొడుగు పారేసి పరిగెత్తింది. ఆడికి పోతే గుంటలో గుండు ఉండాది, గుంట పైన జెండాకి బిళ్ల ఏలాడతా ఉండాది. నువ్వు లేవు.”

“బిళ్ల చూసి తిట్టినాడా?”

“తిట్టేదేంది? బహుమానం అనుకున్నాడు. ఒక్క దెబ్బకి ఏసినోడికి ఈ దేశంలో బిళ్ల కట్టే ఆచారం ఉండాదని, నువ్వు ఆ మర్యాద చేసి పక్కకి తప్పుకున్నావని అనుకున్నాడు. రొమ్ముకి కట్టుకున్నాడు. ఇప్పిందే లేదు. ఇదిగో కొత్త పటం, నీకే పంపించినాడు. చూడమ్మా నువ్వు కూడా.”

“మామా! ఈ పటంలో దొరకి చేతులుండాయి!”

“బిళ్ల పడాలని ఒక్కసారికి కదలకుండా నిలబడినాడమ్మా.”

“మామ బిళ్ల! దొర రొమ్ము మీద మామ బిళ్ల!”

“అదంతా సరే మస్తానయ్యా. మరి నన్ను పోరా అని ఎందుకన్నాడు?”

“ఎవురన్నారు?”

“దొరే. గుండు కొట్టినప్పుడు. పోర్! అని అరవలా? నువ్వు కూడా వినే ఉంటావు.”

“ఓరి నీ... దానికా నువ్వు పొయింది? దానికా! ‘ఫోర్’ రా అది! వాళ్ల ఆటలో కేక. ముందర మనుషులుంటే, గుండు వస్తా ఉండాది, తలకాయ కాచుకోండి అని. నిన్ను కాపాడను అరిచినాడు. ఇన్నాళ్లూ నువ్వు పక్కనే ఉంటివి, అందుకని అరవలా. ఆ రోజు ముందర ఉంటివి, అరిచినాడు.”

“నాకు తెలుగులో వినపడిందే!”

“నీ చెవులు తెలుగు చెవులు. ఆయన నోరు తెలుగు నోరా?”

“నేను చెప్పలా మామా? చారు గరిటెకి నవ్విన మనిషి పోరా అంటాడా అని అడగలా?”

“నవ్వబాకండి ఇద్దరూ. మరి ఇప్పుడు పని?”

“పని ఎక్కడికీ పోలా. దొర ఆత్మకూరు వచ్చేసినాడు. నెల్లూరు నించి కొత్త బిళ్ల తెప్పించినాడు, కచేరీలో పెట్టించి ఉండాడు. నువ్వొచ్చి సంతకానికి బదులు గీటు పెట్టి కట్టుకోవాల. ఇంకోసారి సముద్రానికి పోతాడంట, నిన్ను అదే జెండా కాడ నిలబెడతాడంట.”

“మళ్లీ నా తలకాయా?”

“రెండు తలపాగాలు కట్టుకో. బండి తెచ్చినా. ఎద్దులకి నీళ్లు పెట్టినాక బయల్దేరదాం.”

“అయితే నేను పోయి బిళ్ల కట్టుకొని మళ్లీ వస్తా మే. మీ అమ్మ బిళ్లతో రమ్మనింది. బిళ్లతోనే వచ్చి తీసుకుపోతా. ఇంకొక నెల.”

“మళ్లీ పోతావా?”

“పోకపోతే బిళ్ల ఎట్ట వస్తాది?”

“పోయేముందర ఒక్కటి చెప్పు. ఏడాదిగా అడగాలని ఉండా. ఈ ఇంట్లో నించి ఎందుకు పొయినావు? అమ్మ ఏమైనా అనిందా?”

“మీ అమ్మ ఏమీ అనలా.”

“నాయనా?”

“ఆయన చెక్క చూసుకుంటాడు, నన్ను యాడ చూసినాడు?”

“మరి?”

“వద్దులే. మస్తానయ్య ఉండాడు.”

“ఉండనీ. చెప్పు.”

“నువ్వే గదా అన్నావు.”

“నేనా? ఏమన్నా?”

“పో అన్నావు.”

“నేను నిన్ను పో అన్నానా? ఎప్పుడు?”

“ఉగాది నాటి సాయంత్రం. మీ అమ్మ పక్కింట్లో ఉండాది. నేను మల్లెపూలు తెచ్చి నీ తల్లో పెట్టి చెవిలో ఒక మాట చెప్పినా.”

“ఆ మాట... ఆ మాట మస్తానన్న ముందర చెప్పబాక.”

“చెప్పను. దానికి నువ్వు నన్ను ఒక తోపు తోసి ‘పో’ అన్నావు. ఇల్లరికపు అల్లుణ్ణి. ఇల్లు వాళ్లది, బిడ్డ వాళ్లది. ఆ బిడ్డే పో అంటే ఇంకేముండాది? తెల్లారకముందే పొయినా. నువ్వెందుకు మొగం దాచుకుంటా ఉండావు? ఏడస్తా ఉండావా? నవ్వతా ఉండావా?”

“మస్తానన్నా, ఎద్దులకి నీళ్లు నేను పెట్టిస్తా, మూట కూడా ఇప్పుడే కట్టుకొస్తా, నువ్వు ఈడ కూచో, దొర అన్నదానికి అర్థం చెప్పినావు గదా, పూలు పెట్టించుకున్న పెళ్లాం ‘పో’ అంటే దానికేం అర్థమో, అది కూడా ఈయనకి నువ్వే చెప్పన్నా.”